ఎర్రబండ మీది కేక

ఆ కేక నిజమైనదా, దొంగకేకా అన్న సందేహం ఖబ్దెన్‌ని ఆరేళ్ళుగా వదల్లేదు. తెల్లవారుజాము నమాజులో నుదురు నేలకి ఆనించినప్పుడు కూడా అది చెవిలో మెదులుతుంది. ఇప్పుడు కొట్టం ముందు గుర్రానికి జీను వేసి, కడుపు కింది పట్టీని బిగిస్తూ కూడా అతను కొండవైపు ఒక చెవి పెట్టే ఉన్నాడు. గుర్రం ఊపిరి బిగబట్టి కడుపు ఉబ్బించింది. అది రోజూ చేసే మోసమే. అది ఊపిరి వదిలేదాకా ఓపికగా ఆగి, పట్టీని ఇంకో రంధ్రం ముందుకి లాగాడు.

"చెవులు కప్పుకో ముసలోడా," అంది అతని భార్య కులైష్, గుమ్మంలోంచి. "ఆ ఎడమ చెవి ఎప్పుడో ఎండిన పండు తొక్కలా అయింది. కుడిది కూడా రాలిపోతే టోపీ దేనికి తగిలిస్తావు?"

"నీ నోరుందిగా, దానికి తగిలిస్తా."

"నా నోటికి ఆ టోపీ చాలదులే."

ఆమె నూనెలో వేయించిన బౌర్సాకు రొట్టెలు మూటకట్టి, టీ పోసిన ఫ్లాస్కుతో సహా జీనుసంచిలో కుక్కింది. అతని గొంతు దగ్గర బొత్తాం పెట్టింది. టోపీ చెవిరెక్కల జోలికి మాత్రం పోలేదు. అవి ఆరు చలికాలాలుగా నడినెత్తి మీదే ముడిపడి ఉన్నాయని ఆమెకి తెలుసు. ఎందుకో కూడా తెలుసు.

ఖబ్దెన్ పొట్టి మనిషి. నేల మీద నిలబడితే రెండు కాళ్ళ మధ్య నుంచి గొర్రెపిల్ల దూరిపోయేంత వంకర. గుర్రమెక్కితే ఆ వంకర ఎక్కడిదక్కడ అమరిపోయి, మనిషి పొడుగవుతాడు. అతని పనల్లా ఫారం వాళ్ళ కొండని కనిపెట్టుకుని ఉండడం. అల్తాయ్ కొండల మంచులో మేత దొరక్క అడవి మరాల్ దుప్పులు ఆ దక్షిణపు వాలు మీదికి దిగుతాయి. మంచు కరిగే రోజుల్లో మగవాటి కొమ్ములు వాటంతట అవే ఊడి పడతాయి. మందుల వ్యాపారులు మంచి ధరకి కొనే వాటిని ఏరి ఫారానికి అప్పజెప్పాలి, బయటివాళ్ళెవరూ ఎత్తుకుపోకుండా చూడాలి.

రాలిన కొమ్ము ఎవరిది? దుప్పి పారేసింది, నేల పట్టుకుంది, అది మనిషి సొత్తు ఎలా అయింది? ఈ ప్రశ్న అతనికీ తోచకపోలేదు. ఎవడో పేదవాడు కాలినడకన వచ్చి ఒకటి చంకలో పెట్టుకుపోతే అతను చాలాసార్లు గుర్రాన్ని అటు తిప్పనేలేదు. కానీ ఇప్పుడొచ్చేవాళ్ళు ఏరుకునేవాళ్ళు కారు. కొమ్ము వదులైన దుప్పిని మోటారుసైకిలు మీద తరుముతారు, అది చెట్లకి గుద్దుకుని కొమ్ము రాల్చేదాకా. చలికాలమంతా ఎముకలు తేలిపోయిన మందలో చూలుతో ఉన్నవి కూడా పరిగెత్తాలి కదా. పోయినేడు ఏటిగడ్డ మీద ఒక ఆడ దుప్పి పడి ఉంది. నోట్లో నురగ. కడుపులో పిల్ల ఇంకా కదులుతోంది. ఖబ్దెన్ పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, ఆ కదలిక ఆగేదాకా అరచెయ్యి అక్కడే ఉంచాడు.

జేబులో ఫోను మోగింది. ఫారం మేనేజరు దౌరెన్.

"బాబాయ్, పోయినేడు వాలంతా ఊడ్చుకుపోయారు. ఈ ఏడు ఒక్కడినైనా పట్టుకో. లేకపోతే నువ్వుంటున్న ఫారం ఇల్లు ఇంకొకరికి ఇచ్చెయ్యమంటున్నారు. నా మాట కాదు, పైవాళ్ళ మాట."

"విన్నాను," అన్నాడు ఖబ్దెన్.

"విన్నాననడం కాదు బాబాయ్, పట్టుకో!"

కులైష్‌కి ఏమీ చెప్పలేదు. ఆమె ఈ మధ్యనే ఆ ఇంటి కిటికీ చుట్టూ కొత్త సున్నం వేసింది.

దొంగల పద్ధతి ఆ కొండల్లో కాపలా కాసేవాళ్ళందరికీ తెలిసిందే. ఒకడు పైన ఎక్కడో నిలబడి, ప్రాణం పోతున్నట్టు కేక వేస్తాడు. కాపలావాడు అటు పరిగెత్తుతాడు. మిగిలినవాళ్ళు కింద నుంచి సంచులు దాటించేస్తారు. కొత్తలో ఖబ్దెన్ అలా రెండుసార్లు మోసపోయి నవ్వులపాలయ్యాడు. అందుకే ఆరేళ్ళ కిందట ఎర్రబండ మీద నుంచి కేక వినిపించినప్పుడు అతను అటు తిరగలేదు. కింద లోయలోకి గుర్రాన్ని దూకించి రెండు సంచుల కొమ్ములు పట్టుకున్నాడు. ఫారం వాళ్ళు సభ పెట్టి చప్పట్లు కొట్టించి కొత్త కోటు ఇచ్చారు. ఆ తరవాత మంచు కొంచెం తగ్గాక, ఎర్రబండ కింద ఏటి అవతలి ఊరి కుర్రాడు యెర్గాజి శవం దొరికింది. బండ అంచున మంచు విరిగి పడిపోయాడు. పడగానే పోయాడా, పిలిచి పిలిచి పోయాడా, ఎవరికీ తెలియదు. ఆ కోటు ఇంకా పెట్టెలోనే ఉంది.

అదొక్కటే అయితే ఎలాగో మోసేవాడేమో. ఆ కొండల్లో మర్యాద ఒకటుంది. చావు జరిగిన ఇంటికి ప్రతి ఇరుగుపొరుగు మగవాడూ గుర్రం మీద "ఓయ్, నా తోడబుట్టినవాడా!" అని ఏడుస్తూ వెళ్ళాలి, దిగి ఇంటివాళ్ళని కావిలించుకుని పరామర్శ చెప్పాలి. అది చెప్పనివాడి మీద బాకీ ఉండిపోతుంది. ఏళ్ళు గడిచినా తీరదు. పెళ్ళిలో ఎదురుపడినా ముందు ఆ మాట చెప్పాకే "బాగున్నావా" అనాలి. ఖబ్దెన్ చెప్పలేదు. ఏమని వెళ్ళాలి? అది దొంగకేక అయితే అతను మామూలు ఇరుగుపొరుగు. నిజమైన కేక అయితే? తను ఎవరిగా వెళ్ళాలో తెలియక వెళ్ళలేదు. అప్పటి నుంచి ఆ ఊరి పెళ్ళిళ్ళకి పోడు, పిండి కూడా దూరపు అంగట్లో కొంటాడు. "నా మాట నేను చెప్పొచ్చాను," అంది కులైష్ ఒకసారి. "నీది నీ మెడకే ఉంది."

ఆ పొద్దున వాలు మీద రెండు కొమ్ములు దొరికాయి. రెండూ ఒకే దుప్పివి. ఊడిన చోట నెత్తురు ఇంకా నల్లబడలేదు. వాటిని జీను వెనక కట్టి, నడిపొద్దు నమాజు బండల మధ్య చదువుకుని లేచేసరికి, మంచు మీద టైరు గుర్తు కనబడింది.

గుర్తు వెంట వెళితే తెల్లబెరడు చెట్ల మధ్య మోటారుసైకిలు కొమ్మలు కప్పి ఉంది. ఇంజను ఇంకా వెచ్చగా ఉంది. ఖబ్దెన్ గుర్రం దిగి, ప్లగ్గు ఊడదీసి జేబులో వేసుకున్నాడు. ఇక వాళ్ళే నడిచి తన దగ్గరికి రావాలి. చెట్ల వెనక నక్కి చూస్తే, లోయలో ఇద్దరు మనుషులు సంచులు ఈడ్చుకుంటూ వస్తున్నారు. వెనకవాడి బూతులు కూడా స్పష్టంగా వినబడుతున్నాయి.

"లాగరా! ఒక కొమ్ముకే నడుం విరిగినట్టు నడుస్తావేం, మీ అత్త నయం."

ఖబ్దెన్ గుండె తేలికపడింది. ఇల్లు నిలిచింది. కులైష్ సున్నం నిలిచింది. కొరడా పిడి సవరించుకున్నాడు.

అప్పుడు ఎర్రబండ మీద నుంచి కేక వచ్చింది.

మాట లేదు. పొడుగాటి పిలుపు, చివర కొంచెం కిందికి జారి ఆగిపోయింది. గుర్రం చెవులు నిక్కబొడిచి అటు తిరిగింది. అంటే ఇది తన బుర్రలోది కాదు. లోయలో ఇద్దరూ కూడా ఆగి పైకి చూశారు. లేక చూస్తున్నట్టు నటించారా?

ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలియదు. దేవుడు మనిషికి చెవులిచ్చి, విన్నదాని వెనక ఏముందో చూసే కన్ను ఎందుకివ్వలేదు? కేక మళ్ళీ వచ్చింది, ఈసారి సన్నగా. ఖబ్దెన్ గుర్రమెక్కి కొండ మీదికి తిప్పాడు.

సగం ఎక్కాడో లేదో, కింద మోటారుసైకిలు స్టార్టయింది. వాళ్ళ దగ్గర ఇంకో ప్లగ్గు ఉంది. చప్పుడు లోయంతా తిరిగి, ఏటివైపు పలచబడి, పోయింది. ఖబ్దెన్ వెనక్కి చూడలేదు. గుర్రం మెడ మీద చెయ్యి వేసి, "పోనీలే," అన్నాడు. గుర్రంతోనే అన్నాడు.

ఎర్రబండకి వీపు ఆనించి ఒక ముసలివాడు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. ముఖం తడిసిన బూడిదలా ఉంది. ఎడమ చెయ్యి ఒళ్ళో, ఎవరిదో తెచ్చి పెట్టినట్టు పడి ఉంది. యెర్గాజి తండ్రి మౌకెన్.

"నువ్వా," అన్నాడు మౌకెన్. "దొంగ దొరికాడుగా, కట్టెయ్. పరిగెత్తే ఓపిక లేదు."

"అరిచింది నువ్వేనా అన్నా?"

"మరి దుప్పి అరిచిందనుకున్నావా?"

ఖబ్దెన్ కిందికి దూకి, టీ పోసి పెదాలకి అందించాడు. సగం గడ్డం మీదికి కారింది. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుందని, ఆ కూర్చున్నవాడు పొద్దుటి నుంచి లేవడం లేదని మౌకెన్ చెప్పాడు. గుర్రం మీద వేస్తానంటే తల అడ్డంగా తిప్పాడు. "కాసేపు కూర్చోనీ. కదిలిస్తే చిందిపోయేట్టున్నాను."

"ఈ వయసులో నీకు కొమ్ములెందుకన్నా?"

"ఒక్కటే. వాడి సమాధి మీద పెడదామని. వద్దంటాడు మా ముల్లా. వాడు దానికోసమే కదా వచ్చాడు, ఉత్తచేతులతో పడుకున్నాడు. ప్రతి ఏడూ వస్తాను. నా కళ్ళకి కట్టెకీ కొమ్ముకీ తేడా తెలియదు."

ఖబ్దెన్ జీను వెనక ముడి విప్పి, పొద్దున దొరికిన వాటిలో పెద్దది తెచ్చి అతని ఒళ్ళో పెట్టాడు. మౌకెన్ దాని కొనలు ఒక్కొక్కటే తడిమాడు.

"ఫారం సొత్తు దానం చేస్తున్నావు. ఇప్పుడు దొంగవి నువ్వు. నేను పట్టుకోవాలి నిన్ను."

నవ్వబోయాడు కానీ దగ్గొచ్చింది.

ఖబ్దెన్ మోకాళ్ళ మీద కూర్చుని టోపీ తీశాడు. "అన్నా, ఆలస్యమైంది. యెర్గాజి ఈమాను, దేవుడి మీద వాడి నమ్మకం, పదిలంగా ఉండాలి. వాడు పడుకున్న చోటు..."

"ఆపు." మౌకెన్ గొంతు ఒక్కసారిగా గట్టిపడింది. "పరామర్శ ఇక్కడ చెప్పేస్తావా? బండకా? ఇంటికి రావాలి. అరుస్తూ రావాలి, మీ వదిన రఖియా వినాలి. నువ్వు రాలేదని ఆ మనిషి ఇప్పటికీ గుర్రం చప్పుడైతే తలుపు తీస్తుంది. ఆరేళ్ళు ఆగావుగా, ఇంకాసేపు ఆగు." ఊపిరి తీసుకున్నాడు. "ఫాతిహా ప్రార్థన మాత్రం చదువు. దానికి ఎక్కడైనా ఒకటే."

కుడిచేతి తొడుగుని పళ్ళతో లాగి పక్కన రాతి మీద పెట్టి, ఒక్క అరచెయ్యే పైకి పట్టాడు. రెండోది లేవలేదు. ఖబ్దెన్ చదివాడు. ఇద్దరూ ముఖాలు తుడుచుకున్నారు.

అప్పుడు చెప్పాడు ఖబ్దెన్. ఆరేళ్ళ కిందట ఆ సాయంత్రం కేక విన్నానని, దొంగకేక అనుకున్నానని, రాలేదని. మౌకెన్ కొడతాడేమో, ఉమ్ముతాడేమో అనుకున్నాడు. మౌకెన్ కళ్ళు మాత్రం ఒక్కసారి వెలిగాయి.

"ఏమని పిలిచాడు?"

"పేరేం లేదన్నా. ఉత్త కేకే. వాడిదో, వేరేవాళ్ళదో నాకు..."

"వాడితో వచ్చినవాళ్ళు ఊరు విడిచిపోయారు. నా కొడుకు ఆఖరుసారి ఏమన్నాడో చెప్పే దిక్కులేదు నాకు. నువ్వు విన్నావు! విని, ఇన్నాళ్ళు నీ దగ్గర ఉంచుకున్నావు. అను. ఎలా పిలిచాడో అలాగే అను."

ఖబ్దెన్ పిలిచాడు. ఆరేళ్ళుగా లోపల తిరుగుతున్న దాన్ని గొంతులోకి తెచ్చేసరికి అది అతని గొంతులా లేదు. మౌకెన్ తల ఒక పక్కకి వంచి విన్నాడు.

"ఇంకోసారి. కొంచెం గట్టిగా."

ఖబ్దెన్ లేచి, లోయవైపు తిరిగి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని పిలిచాడు. అవతలి కొండ దాన్ని అందుకుని తిప్పి పంపింది. అది ఏటి మీద పూర్తిగా ఆగిపోయేదాకా నిలబడి, వెనక్కి తిరిగాడు.

"వాడేనా అన్నా?"

మౌకెన్ అలాగే తల వంచి, వింటున్నట్టే ఉన్నాడు. కొమ్ము ఒళ్ళో ఉంది. గడ్డం మీద టీ చుక్క గడ్డకట్టింది. ఖబ్దెన్ పక్కన కూర్చుని చాలాసేపు ఎదురుచూశాడు. తరవాత అతని కళ్ళు తన చేత్తో మూశాడు.

పొద్దువాలుతుండగా ఏటి వంతెన మీదికి వచ్చాడు. జీను మీద మౌకెన్, అతనికి అడ్డంగా కట్టిన కొమ్ము. కళ్ళెం పట్టుకుని కాలినడకన ఖబ్దెన్. గుర్రం మీద దౌడు తీస్తూ రావలసింది, ఆ వంకర కాళ్ళతోనే పరుగులాంటిది మొదలుపెట్టాడు.

"ఓయ్, నా తోడబుట్టినవాడా! ఓయ్, యెర్గాజీ!"

కుక్కలు మొరిగాయి. గుమ్మాల్లోకి మనుషులొచ్చారు. ఆరేళ్ళ కిందటి పేరు విని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మౌకెన్ ఇంటి తలుపు తెరుచుకుంది. రఖియా గడప మీద నిలబడింది. ఆమె కళ్ళు ముందు గుర్రం మీదే పడ్డాయి. పడ్డ కళ్ళని అక్కడ నుంచి మళ్ళించుకుని, తన దగ్గరికి వస్తున్న మనిషి కోసం ఆగింది.

ఖబ్దెన్ ఆమె భుజాలు పట్టుకుని ఏడ్చాడు. "వదినా, యెర్గాజి ఈమాను పదిలంగా ఉండాలి. వాడు పడుకున్న చోటు మెత్తగా ఉండాలి."

"ఆమీన్," అంది రఖియా. "నీ మాట చేరింది మరిదీ. బాకీ లేదు. ఇప్పుడు రెండోది చెప్పు."

అతను మౌకెన్ పేరు పెట్టి రెండోది చెప్పాడు. మగవాళ్ళు వచ్చి మౌకెన్‌ని దించారు. ఆమె అతని పక్కన కూర్చుని, చల్లబడిన కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని రుద్దుతూ, "దీని తొడుగేదీ?" అని అడిగింది, ఎవరినీ కాకుండా.

ఎర్రబండ పక్క రాతి మీద, చలికి బిగుసుకుపోయిన ఆ తోలు తొడుగు అరచెయ్యి పైకి పెట్టుకునే ఉంది. అప్పుడే మొదలైన మంచు కొద్దికొద్దిగా అందులో పడుతోంది.