చర్చించి ఆమోదించడమైనది

ఆ రికార్డు గదిలో భూతద్దం పెట్టి వెతికినా ఒక్క చెదపురుగు కనిపించదు. ఇనప బీరువాల్లో ఏడాదివారీగా నల్ల అట్టల బైండ్లు నిలబెట్టి ఉంటాయి. అరల్లో కలరా ఉండలు, కిటికీకి జల్లు కొట్టకుండా రేకు. విశ్వవిద్యాలయంలో పీజీ చదువులకూ పరిశోధనకూ నిబంధనలు చేసే పెద్దల సభను పీజీ కౌన్సిల్ అంటారు. ఆ సభ పుట్టిన నాటినుంచి జరిగిన ప్రతి సమావేశపు మినిట్సూ ఆ గదిలో భద్రంగా ఉన్నాయి. తనిఖీకి వచ్చినవాళ్ళు కూడా "రికార్డులంటే ఇలా ఉండాలి" అని మెచ్చుకుని వెళ్ళారు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా సెక్షను సూపరింటెండెంటుగారికి కడుపు నిండిపోయేది.

ఆ సూపరింటెండెంటుగారిని మనం పెద్దకోడలు అనుకుందాం. ఈ కథకు ఆవిడ ఉద్యోగం కన్నా ఆ వరసే ముఖ్యం. ఆ ఇంటి చిన్నకోడలు అదే విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు, కొన్నేళ్ళపాటు కౌన్సిల్ సభ్యురాలు కూడాను. ఇంట్లో ఆవిడ మాటలు వినాలి, ఆఫీసులో ఆవిడ మాటలు రాయాలి. పెద్దకోడలి బాధ ఒక్క ముక్కలో చెప్పాలంటే అదీ.

అలాగని ఈవిడ తీసిపోయిన మనిషేమీ కాదు. డిగ్రీలో మొదటి ర్యాంకు ఈవిడదే. పెళ్ళయ్యాక ఇల్లు గడవాలి కదా అని గుమాస్తాగా చేరింది. తర్వాత కాపురానికి వచ్చిన తోడికోడలు "అక్కా, నాకు పీహెచ్‌డీ చెయ్యాలనుంది" అని నసుగుతూ అడిగితే, "చెయ్యవే, ఇంటిపని నేను చూసుకుంటాగా" అన్నదీ ఈవిడే. మనస్ఫూర్తిగానే అంది. పొద్దున్నే లేచి ఇద్దరికీ డబ్బాలు కట్టింది. తన పిల్లతోపాటు ఆవిడ పిల్లాడికీ నీళ్ళు పోసి, అన్నం పెట్టి బడికి పంపింది.

థీసిస్ బైండయి ఇంటికి వచ్చిన రోజు అందరూ దాన్ని చేతులు మార్చుకుంటూ మురిసిపోయారు. పెద్దకోడలు మాత్రం వంటింట్లోకి తీసుకుపోయి కృతజ్ఞతల పేజీ తెరిచింది. గైడు పేరుంది, లైబ్రేరియన్ పేరుంది, టైపు కొట్టిన మనిషి పేరుంది, భర్త పేరూ అత్తమామల పేర్లూ ఉన్నాయి. ఆఖర్న "తదితర కుటుంబ సభ్యులకు" అని ఉంది. ఆ తదితరులెవరో తెలుసుకోవడానికి ఆవిడకు ఎంతోసేపు పట్టలేదు.

పైగా అత్తగారొకరు. ఇంటికి ఎవరొచ్చినా "మా చిన్నకోడలు డాక్టరేటండీ" అని మొదలుపెట్టేది. "మరి పెద్దావిడ?" అని వాళ్ళడిగితే, "అదీ అక్కడేనండీ, ఏదో రాసుకుంటూ ఉంటుంది" అనేది. పుండుమీద కారం చల్లినట్టు ఉండేది. కాఫీ గ్లాసులు అందిస్తూ పెద్దకోడలు నవ్వేది. లోపల మాత్రం ఒళ్ళు మండిపోయేది.

పదకొండేళ్ళ కిందట ఒక సమావేశం జరిగింది. ఎజెండాలో చిన్న అంశం ఒకటి వచ్చింది. పరిశోధక విద్యార్థి తన గైడును మార్చుకోవాలంటే పాత గైడు సంతకం తప్పనిసరి అన్నది అప్పటి నిబంధన. దాన్ని తీసేయాలని చిన్నకోడలు లేచి మాట్లాడింది. ఎంత బాగా మాట్లాడిందంటే, కునికిపాట్లు పడుతున్నవాళ్ళు కూడా నిటారుగా కూర్చున్నారు. అప్పటి డీన్‌గారు "ఈ మాటలు ఉన్నవి ఉన్నట్టు మినిట్స్‌లోకి రావాలండీ" అని పెద్దకోడలి వైపు తిరిగి మరీ చెప్పారు. ఆవిడ తలూపింది. షార్ట్‌హ్యాండులో అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది కూడా.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఆ వార్త ఆవిడకన్నా ముందే చేరింది. "మీటింగులో మా చిన్నది మాట్లాడితే అందరూ నోళ్ళు వెళ్ళబెట్టుకుని విన్నారట, నువ్వూ అక్కడే ఉన్నావుటగా?" అంది అత్తగారు. ఉంది. అక్కడే ఉంది. ఏదో రాసుకుంటూ ఉంది.

మర్నాడు ఆఫీసులో మినిట్స్ రాయడానికి కూర్చుంది. చిన్నకోడలి పేరు దాకా వచ్చేసరికి కలం ముందుకు సాగలేదు. నా చేత్తో నేనే దీన్ని ఇంకా నెత్తిన ఎక్కించుకోవాలా అనుకుంది. మినిట్స్‌లో పేర్లు ఉండాలని ఏ నిబంధనా లేదు. కారణాలు ఉండాలనీ లేదు. అసూయకు ఇంతకన్నా మంచి చాటు దొరకదు. ఆవిడ ఇలా రాసింది: "గైడు మార్పు విషయం చర్చించి ఆమోదించడమైనది." షార్ట్‌హ్యాండు కాగితాలు చింపి బుట్టలో వేసింది. ఆ రోజు డబ్బాలో అన్నం హాయిగా తినగలిగింది.

తర్వాతి సమావేశంలో ఆ మినిట్స్ అందరి చేతికీ తిప్పి ఖాయపరిచారు. కౌన్సిల్‌లో లా ప్రొఫెసరు ఒకాయన ఉండేవారు. చిత్తుప్రతిలో ప్రతి కామా వెతికి దిద్దుతారని అందరూ ఆయన్ని చాటుగా "కామాగారు" అనేవారు. ఆయన ఆ పేజీలోనూ ఒక కామా పెట్టి తిరిగిచ్చారు. చిన్నకోడలు చదవనే లేదు. "అక్క రాసిందిగా" అని సంతకం పెట్టేసింది.

చదువరులారా, పగ తీర్చుకోవడం ఇంత తేలిక. ఇందులో అబద్ధం లేదు, దొంగతనం లేదు, ఎవరూ తప్పుపట్టలేరు. తర్వాతి సమావేశాల్లోనూ చిన్నకోడలు నోరు విప్పినప్పుడల్లా పెద్దకోడలు ఆ రెండు మాటలే వాడింది. వాడగా వాడగా అది అలవాటైపోయింది. ఎవరు ఏం మాట్లాడినా అదే వాక్యం, ఏ ఏటి బైండు తెరిచినా అదే వాక్యం.

కాలం తిరిగింది. చిన్నకోడలి సభ్యత్వం గడువు తీరింది. పెద్దకోడలి కూతురు పరిశోధనలో చేరింది. మొదటి ఏడాది బాగానే గడిచింది. తర్వాత ఆ గైడు అసలు రంగు బయటపడింది. అమ్మాయి రాసిచ్చిన అధ్యాయాలు నెలల తరబడి బల్లమీద పడేసి, ఆమె చేత తన పుస్తకానికి ప్రూఫులు దిద్దించుకునేవాడు. తర్వాత ఆమె రాసిన అధ్యాయమొకటి ఆ పుస్తకంలోనే, ఆయన పేరుతో అచ్చయింది. అడిగితే "నీ థీసిస్ కదలాలా వద్దా?" అన్నాడట. అమ్మాయి ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా గదిలోకి పోయి తలుపేసుకునేది. చివరికి గైడును మార్చమని దరఖాస్తు పెట్టింది. రాబోయే కౌన్సిల్ సమావేశంలో అది ఆమోదం పొందాలి.

సరిగ్గా ఆ సమావేశానికే కొత్త డీన్‌గారు ఒక అంశం పంపారు. గైడులంటే విద్యార్థులకు లెక్కలేకుండా పోతోంది కనుక పాత గైడు సంతకం మళ్ళీ తప్పనిసరి చేయాలని. అది ఆమోదమైతే తన కూతురు మళ్ళీ ఆ గైడు సంతకానికే వెళ్ళాలని పెద్దకోడలికి అర్థమైంది. ఆ వెంటనే డీన్‌గారి గదినుంచి పిలుపు వచ్చింది.

"సంతకం అక్కర్లేదని అప్పట్లో ఎందుకు తీసేశారండీ? పాత బైండు చూశాను. ఎవరడిగారో లేదు, ఎందుకడిగారో లేదు."

"చర్చించి ఆమోదించారండి."

"అదే, ఏం చర్చించారు?"

డీన్‌గారు చెడ్డమనిషి కారు. "కారణం లేని నిబంధనను ఎన్నాళ్ళు మొయ్యమంటారు? కారణం కనిపిస్తే నేనే వెనక్కి తీసుకుంటాను" అన్నారు.

ఆ సాయంత్రం ఆవిడ మేడమీదున్న తోడికోడలి వాటాలోకి వెళ్ళింది. చిన్నకోడలు పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది.

"గైడు సంతకం గురించి అప్పట్లో కౌన్సిల్లో మాట్లాడావు, గుర్తుందా?"

"మాట్లాడాను. ఎవరో అమ్మాయి సంగతి చెప్పినట్టున్నాను. ఏమన్నానో ఇప్పుడేం గుర్తుంటుందక్కా?" అని కళ్ళజోడు తీసి నవ్వింది. "నువ్వు పక్కనే కూర్చుని రాస్తున్నావుగా. అక్క రాసింది కదా అని నేను మర్చిపోయాను."

పెద్దకోడలికి తల కొట్టేసినట్టయింది. మాట్లాడినమనిషి మర్చిపోయింది. రాయనిమనిషికి మాత్రం ఒక్క మాట కూడా పోలేదు. ఇన్నేళ్ళూ కడుపుమంటతో ఆ ప్రసంగాన్ని తలుచుకుని తలుచుకుని ఆవిడకది కంఠతా వచ్చేసింది. కిందికి దిగిపోయింది.

సమావేశం రోజున ఆ అంశం రాగానే డీన్‌గారు "అభ్యంతరం లేకపోతే ఆమోదిద్దాం" అన్నారు. బల్ల చివర కూర్చున్న పెద్దకోడలు కలం కింద పెట్టి లేచి నిలబడింది.

"నేనొక మాట చెప్పాలండి."

"మీరు రాయడానికి వచ్చారండీ" అన్నారొకరు.

ఉద్యోగంలో రిటైరైనా ఇంకా సభ్యుడిగా వస్తున్న కామాగారు తలెత్తి, "చెప్పనివ్వండి" అన్నారు.

ఆవిడ గోడవైపు చూస్తూ చెప్పింది. "ఈ నిబంధన తీసేయమని అడిగింది మా తోడికోడలండి. ఆవిడన్న మాటలివి. 'గదిలో పెట్టి గొళ్ళెం వేసినవాడి దగ్గరికే వెళ్ళి, తలుపు తీయడానికి అనుమతి తెచ్చుకోమంటే ఎలా? నా దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. ఆమె రాసిన అధ్యాయాన్ని గైడు తన పేరుతో అచ్చేసుకున్నాడు. మార్చమని దరఖాస్తు పెడితే, మన ఆఫీసు ఆమెను మళ్ళీ ఆయన సంతకానికే పంపింది. ఆ అమ్మాయి చదువు మానేసి దుకాణంలో పనికి కుదిరింది. నేను గైడులందరినీ అనుమానించడం లేదు. మంచి గైడుకు తాళంతో పనిలేదు. చెడ్డ గైడు చేతిలో తాళం ఉండకూడదు.' ఇంతేనండి."

డీన్‌గారు నెమ్మదిగా, "ఇవి ఆవిడ మాటలే అనడానికి ఆధారం?" అన్నారు.

"లేదండి. రాయాల్సింది నేనే. రాయలేదు."

"ఎందుకు?"

"ఓర్వలేక."

ఆ మాట అన్నాక కూడా ఆవిడ కూర్చోలేదు. "మా అమ్మాయి దరఖాస్తు కూడా ఈ నిబంధన కిందే ఉందండి. అందుకే చెబుతున్నానని మీరనుకోవచ్చు. అదీ రాసుకోండి" అని, తడబడి, "కాదు, నేనే రాస్తాను" అంది. ఎవరూ నవ్వలేదు.

డీన్‌గారు తల అడ్డంగా ఊపారు. "మిమ్మల్ని నమ్మాలనే ఉందండీ. కానీ నోటిమాట రికార్డు కాదు. అందులోనూ మీ పిల్ల సంగతి ముడిపడి ఉంది."

అప్పుడు కామాగారు కళ్ళజోడు తుడుచుకుంటూ లేచారు.

"ఆ రోజు నేనూ ఉన్నాను. ఆవిడ చాలా బాగా మాట్లాడిందని గుర్తుంది. ఏం మాట్లాడిందో గుర్తులేదు. ఆ పేజీ నా చేతికి వచ్చింది. కామా ఎక్కడుండాలో చూశాను కానీ, ఉండాల్సిన వాక్యాలు ఏమయ్యాయని అడగలేదు. తప్పు ఈవిడ ఒక్కరిదే కాదు, చదవకుండా సంతకాలు పెట్టిన మా అందరిదీ. బీరువాలు బాగానే కాపాడుకున్నాం. వాటిలో ఏం పెట్టామో చూసుకోలేదు. కారణం రాయని నిబంధన దిక్కులేనిదైపోతుంది. ఎవరైనా తోసేయొచ్చు."

ఆ అంశాన్ని వాయిదా వేశారు. అప్పటి సభ్యులు తమకు గుర్తున్నది రాసి సంతకం చేసి ఇవ్వాలని, అది తేలేదాకా గైడు మార్పు దరఖాస్తులు ఒక్కటీ కదపకూడదని నిర్ణయించారు. పెద్దకోడలు తన కూతురి దరఖాస్తు మీద తన చేత్తోనే "వాయిదా" అని రాయాల్సి వచ్చింది.

ఇంటికి వెళ్ళి అమ్మాయిని కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పింది. ఆ పిల్ల అరవలేదు, ఏడవలేదు.

"అయితే మళ్ళీ సమావేశం దాకా ఆయన దగ్గరికే వెళ్ళాలా?"

"వెళ్ళాలమ్మా."

"పిన్ని పేరు రాయడానికి ఎంత సిరా పట్టేదమ్మా?" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

చిన్నకోడలు మెట్లమీద నిలబడి అంతా వింది. మొహం ఎర్రబడింది. "నామీద కడుపులో అంత పెట్టుకుంటే నా మొహంమీదే అడిగెయ్యాల్సిందక్కా. నాలుగు దులిపినా పడేదాన్ని. ఇప్పుడు చూడు, ఎవరి మెడకు చుట్టుకుందో."

"ఏమని అడగను? తదితరులు అడగొచ్చా?"

చిన్నకోడలికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మెట్టుమీదే కూలబడింది. "ఇంటిమనిషివే కదా, నీకు వేరే చెప్పాలా అనుకున్నానే అక్కా" అంది. ఆ తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఆ అమ్మాయి పని చేసే దుకాణం నాకు తెలుసు. ఆమె చేతే రాయించుకొద్దాం. పొద్దున్నే నువ్వూ రా" అంది.

మర్నాడు ఇద్దరూ వెళ్ళి ఆ అమ్మాయి చేత రాయించుకొచ్చాక, పెద్దకోడలు ఆఫీసులో ఆ సమావేశపు మినిట్స్ రాయడానికి కూర్చుంది. ఎవరు ఏమన్నారో, ఎందుకన్నారో, ఎవరు కాదన్నారో, తన తప్పుతో సహా, పేర్లతో సహా రాసింది. పాత అలవాటు కొద్దీ కలం ఒకచోట "చర్చించి" దాకా వెళ్ళింది. ఆవిడ దాన్ని కొట్టేసి, చర్చించినదేమిటో రాసింది. బైండు బీరువాలో పెట్టి, తాళం వేయబోతూ ఒక్క క్షణం ఆగింది. ఇన్నేళ్ళూ చెద కోసం అరలన్నీ గాలించింది కానీ తన కడుపులో ఉన్న చెదను ఒక్కసారీ చూసుకోలేదు.

రికార్డు భద్రపరచడమంటే కాగితానికి తాళం వేయడం కాదు. అన్నవారి పేరునూ వారు చెప్పిన కారణాన్నీ మన ఓర్వలేనితనం తినేయకుండా రేపటి పిల్లల చేతికి అందించడం.