రెండో రెక్క

ఆ గురువారం పొద్దున ఉదయగిరిలో ఆత్మకూరు బస్సెక్కేటప్పటికి మస్తానయ్య దగ్గర ఉన్న సరుకు ఇదీ: పన్నెండు రెక్కలక్క చెక్కబొమ్మలు, ఒక్కోదానికి ఒక్కటే రెక్క. మిగిలిన పన్నెండు రెక్కలూ వేరే సంచిలో.

ఆత్మకూరులో సురేంద్రబాబు మర్నాడే కొత్త హోటల్ తెరుస్తున్నాడు. గోడల మీదికి రెక్కలక్కలు కావాలన్నాడు. రెండు రెక్కలూ విప్పుకుని ఉండాలి, కుదరదంటే నెల్లూరు నుంచి ప్లాస్టర్ బొమ్మలు తెప్పించుకుంటానన్నాడు. పదేళ్లుగా చెక్క గరిటెలు అమ్ముకుంటున్న మస్తానయ్యకు బొమ్మల గిరాకీ తగలడం ఇదే మొదలు. జారిందంటే మళ్లీ రాదు.

చిక్కల్లా బొమ్మలు చెక్కిన ముసలామె చెంచమ్మతోనే. దుర్గం కొండ మీద రెక్కలక్కలని రెక్కలున్న ఆడమనుషులు ఉండేవారనీ, తేనెకు పోయినవాళ్లు దారి తప్పితే ముందు ఎగురుతూ కిందికి దించేవారనీ ఆమె నమ్మకం. తిండి పెట్టిన ఇంటిని వాళ్లు వదలరట. అందుకే బొమ్మ చేరిన ఇంట్లోనే, ముందర గుప్పెడు కొర్రన్నం పెట్టి, చెక్కిన చేతులే రెండో రెక్క బిగించాలి. దారిలో బిగిస్తే కొండకు పోతుంది. అయితే నువ్వే రా అవ్వా అని మస్తానయ్య అంటే, బస్సెక్కితే కడుపులో తిప్పుతుందని రానంది.

"నువ్వు బిగించినావంటే మాత్రం, నా చేతి పని ఇంక నీకు రాదు అబ్బయా," అంది.

హోటల్లో గుట్టుగా తానే బిగించేసుకోవచ్చులే అనుకుంటూ మస్తానయ్య తలూపాడు. కానీ సరుకు పరీక్షించుకోని వ్యాపారి ఉంటాడా? బస్సులో ఒక బొమ్మకు రెక్క బిగించి చూశాడు. ఎంత ముద్దుగా కుదిరిందో! పక్క సీట్లో నిలబెట్టుకుని మురిసిపోతూ కునుకు తీశాడు. ఆత్మకూరులో కళ్లు తెరిస్తే బొమ్మ లేదు.

సీట్ల కింద వెతికాడు. కండక్టర్‌ను అడిగితే, దారిలో ముప్పైమంది దిగారు, ఎవరినని పట్టుకునేది అన్నాడు. ఎవరో ఎత్తుకుపోయారని మస్తానయ్యకు తెలుసు. అయినా రెండో బొమ్మకు రెక్క బిగించడానికి చెయ్యి రాలేదు. ఎదురు బస్సెక్కి ఉదయగిరి వెళ్లి, జరిగింది దాచకుండా చెప్పేశాడు.

చెంచమ్మ తిట్టలేదు. "కిటికీ తెరిచి ఉండాదా?"

"ఉండాది అవ్వా."

"ఇంకేంది మరి. పోయింది. నీకెయ్యాల్సిన శిక్ష అదే ఏసి పోయింది." మిగతావన్నా నిలవాలంటే తాను రాక తప్పదని, వాసన చూసుకోవడానికి రెండు నిమ్మకాయలు కొంగున కట్టుకుంది.

శుక్రవారం హోటల్లో ఆమె ఒక్కో బొమ్మ ముందు కొర్రన్నం పెట్టి, రెక్క బిగిస్తుంటే, టిఫిన్‌కు వచ్చినవాళ్లు ప్లేట్లు పట్టుకుని చుట్టూ మూగారు. పదకొండే ఉన్నాయేమని సురేంద్రబాబు అడిగాడు. మస్తానయ్య నోరు విప్పేలోపే చెంచమ్మ అందుకుంది.

"ఈ పెద్దమనిషి దారిలోనే బిగించినాడు నాయనా. ఎగిరిపోయింది."

జనం గొల్లున నవ్వారు. మస్తానయ్య తల దించుకున్నాడు. దించుకున్న తల పక్కనే సరళ అనే టీచరమ్మ, మా ఇంటికొచ్చి ఒకటి బిగిస్తావా అవ్వా అని అడగడం వినిపించి మెల్లగా ఎత్తాడు. ఆమె వెనకాల ఇంకొకాయన అడిగాడు.

సాయంత్రానికి లెక్క తేలింది. గోడకెక్కిన బొమ్మలు పదకొండు. కొత్తగా పిలిచిన ఇళ్లు తొమ్మిది. ఆ పైన, ముందు సీటు ఇప్పిస్తే ఎంత దూరమైనా వస్తానన్న చెంచమ్మ.