అంగుస్తియాస్ రాయని వేళ

స్పెయిన్‌లోని గ్రనడాకి సదస్సుల కోసం వచ్చేవాళ్ళకి సలహాల కాగితం రాసేది అంగుస్తియాసే. పంతొమ్మిదేళ్ళుగా రాస్తోంది. విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర విభాగానికి సెక్రటరీ ఆవిడ. జీతం ఫైళ్ళ పనికి ఇస్తారు గాని, ప్రాణం మాత్రం ఆ కాగితం మీదే. నున్నటి అడుగు బూట్లతో మా రాళ్ళ వీధుల్లో దిగకండి, పడితే లేపేవాళ్ళకంటే నవ్వేవాళ్ళే ఎక్కువ. అల్‌హంబ్రా కోటకి టిక్కెట్లు ఊళ్ళోకొచ్చాక దొరకవు, ఇంటి దగ్గరే కొనుక్కుని రండి. బారులో గ్లాసుతోపాటు చిన్న పళ్ళెంలో తినడానికేదో పెడతారు, దానికి వేరే డబ్బుల్లేవు, అదేమిటీ ఇదేమిటీ అనకుండా పెట్టింది తినండి. ఇలా రెండు పేజీలు. నడిచి, తిని, ఒకటి రెండుసార్లు జారిపడి మరీ రాసింది.

అందులో ఊళ్ళో మంచి బార్ల పేర్లన్నీ ఉండేవి. లేనిదల్లా ఒక్కటే, సొంత తమ్ముడు సెసీలియోది.

'ఆఫీసు కాగితం మీద తమ్ముడి బారు పేరా? నలుగురూ ఏమనుకుంటారు?' అని మొదటి ఏడాది వెనకాడింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు చూడండి, తర్వాత తర్వాత అదే అలవాటైపోయింది. తొమ్మిదేళ్ళ కిందట సెసీలియోయే నోరు విడిచి అడిగాడు. ఈవిడ నసిగింది. ఆ రోజు నుంచి వాడు అక్కా అని పిలవడం మానేశాడు. అమ్మ సంవత్సరీకం ప్రార్థనకి చర్చిలో ఎదురుపడితే, "బాగున్నారా, సెక్రటరీ గారూ?" అని అడిగేవాడు, ఎవరో పరాయి మనిషిని అడిగినట్టు. ఆ పిలుపు వింటే ఆవిడకి రెండు రోజులు అన్నం సయించేది కాదు.

ఇప్పుడు మోకాళ్ళు అరిగి, ఈ శనివారంతో బారు మూసేస్తున్నాడు. ఆ సంగతి ఆవిడకి చేపల కొట్లో తెలిసింది, తమ్ముడి నోట కాదు. ఇంటికొచ్చి కుళ్ళికుళ్ళి ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే ఆఫీసుకెళ్ళి, కాగితంలో మొట్టమొదటి పేరుగా సెసీలియో బారు ఎక్కించింది. వాడికి మాత్రం చెప్పలేదు. మంచు మీద పరిశోధన చేసేవాళ్ళు ఉత్తరాది దేశాల నుంచి ముప్ఫై ఒక్కమంది వస్తున్నారు. మూసేలోగా ఒక్క పూటైనా వాళ్ళతో బారు కిటకిటలాడాలి, అది వాడు కళ్ళారా చూడాలి, చూసి అక్కా అని పిలవాలి. ఆవిడకి కావలసింది అంతే.

బుధవారం పన్నెండుంబావుకి ఔనె రౌతియో అనే ఫిన్లాండ్ ప్రొఫెసరమ్మ ఆఫీసు గుమ్మంలో నిలబడింది. ఆరడుగుల మనిషి, తల ముగ్గుబుట్ట, స్పానిష్ కూడబలుక్కుంటూ మాట్లాడుతుంది.

"అమ్మా, మీరు మొదట రాసిన బారు మూసి ఉంది."

అంగుస్తియాస్ కుర్చీలోంచి లేచింది. "అప్పుడే మూసేశాడా! శనివారం దాకా ఉందన్నారే!"

"లోపల ఒకాయన నేల తుడుస్తున్నాడు. భోజనం చేస్తాం అన్నాం. గడియారం చూశాడు, మమ్మల్ని చూశాడు, తలుపేసుకున్నాడు."

అంగుస్తియాస్ కూడా గడియారం చూసింది. "ఇప్పుడు భోజనమేమిటమ్మా, పొద్దున తాగిన కాఫీ అరగలేదు! భోజనం రెండింటికి గదా!"

"అది మీ కాగితంలో లేదు," అంది ఔనె నెమ్మదిగా.

లేదు, నిజమే. ఎందుకుంటుంది? నిద్ర లేచాక కళ్ళు తెరవండి అని ఎవరైనా రాస్తారా? మధ్యాహ్నం రెండూ, రాత్రి తొమ్మిదీ అయితేగాని గ్రనడాలో గరిటె కదలదని పసిపిల్లకి కూడా తెలుసు. బూట్ల అడుగుల గురించి రాసిన మనిషికి, లోకంలో పన్నెండింటికే ఆకలేసేవాళ్ళు ఉంటారని తట్టనే లేదు.

"నాలుగేళ్ళ కిందట వచ్చినప్పుడూ ఇంతే," అంది ఔనె. "పన్నెండింటికి వెళ్తే అన్నీ మూసి ఉన్నాయి. సాయంత్రం ఆరింటికి వెళ్తే అప్పుడూ అంతే. ఏదో పండగేమో అనుకుని బిస్కెట్లు తిని పడుకున్నాం."

"అయ్యయ్యో! నాకు చెప్పొద్దూ?"

"మీరు అంత ప్రేమగా రాశారు. నొచ్చుకుంటారని."

పంతొమ్మిదేళ్ళు! ఎంతమంది పెద్దమనుషుల్ని బిస్కెట్లతో పడుకోబెట్టిందో తల్లి! అంగుస్తియాస్ లెంపలు వాయించుకుంది. మరుక్షణం ఆఫీసుకి తాళం వేసి, చేసంచి భుజానికి తగిలించుకుని, "నడవండి," అంది. రియాలెహో పేట దాకా ఎక్కుడే. అరవై రెండేళ్ళ మనిషి ఆ ప్రొఫెసరమ్మ కంటే ముందు నడిచింది.

బారు పక్కనున్న మెట్ల మీద ముప్ఫైమంది బుద్ధిగా కూర్చుని, తలా ఒక కాగితం పట్టుకుని చదువుకుంటున్నారు. అంగుస్తియాస్ తలుపు దబదబా బాదింది.

"మూసి ఉంది! రెండింటికి రండి!" లోపల్నుంచి సెసీలియో అరిచాడు.

"నేనురా!"

గడియ తీసిన చప్పుడైంది. తుడుపుకర్ర చేత్తో పట్టుకుని, మొహం ముడుచుకుని నిలబడ్డాడు. "ఓహో, సెక్రటరీ గారా! దారి తప్పి వచ్చారేమిటి? బయట ఉన్న పిచ్చి మేళం మీదేనా?"

"నాదే. ఆకలితో ఉన్నారు. తలుపు తియ్యి."

"అడ్రసు ఎవరిచ్చారు వీళ్ళకి? నా బారు ఏ కాగితంలోనూ ఉండదే!"

ఆవిడ సంచిలోంచి కాగితం తీసి ఇచ్చింది. సెసీలియో నుదుటి మీది కళ్ళజోడు కిందికి దింపుకున్నాడు.

'సెసీలియో బారు, రియాలెహో, మెట్ల పక్కన. ఏమేం ఉన్నాయని అడగకండి, ఏం వండావని అడగండి. మొహం చిట్లిస్తాడు, పట్టించుకోకండి. ఈ ఊళ్ళో ఇంతకంటే రుచిగా మీరు తినలేరు. వీడు నా తమ్ముడు. ఈ మాట పంతొమ్మిదేళ్ళ కిందటే రాయవలసింది.'

చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"నేను మొహం చిట్లిస్తానా?"

"ఇప్పుడు చేస్తున్నదేమిటి మరి?"

కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు. పిలుపు మాత్రం మారలేదు. "బాగానే ఉంది గాని సెక్రటరీ గారూ, కుండలో చిక్కుడు గింజలు ఇంకా రాళ్ళే. అడవి సోంపు కాడలు ఇప్పుడే వేశాను. రెండయితేగాని ఉడకవు. పచ్చివి పెట్టి అమ్మ పేరు చెడగొట్టమంటారా?"

"గ్లాసులు పొయ్యవయ్యా! గ్లాసుకో పళ్ళెం. రెండింటిదాకా లాక్కొద్దాం."

గోడకున్న ఏప్రాన్ తీసి ఆవిడే కట్టుకుంది. మేనల్లుడి పెళ్ళిలో కూడా గరిటె పట్టని మనిషి!

ముప్ఫై ఒక్కమంది లోపలికొచ్చారు. బీరు గ్లాసులు వెళ్ళాయి, వాటి వెంట పళ్ళేలు. మొదటి విడత వంకాయ వేపుడు, మీద చెరకు పాకం. రెండో విడత వేయించిన నెత్తళ్ళు. ఆ తర్వాత ఉల్లిపాయా పచ్చిమిరపా వేసి మగ్గబెట్టిన బంగాళాదుంపలు. ఎవరూ ఇదేమిటని అడగలేదు, కాగితం అంత శ్రద్ధగా చదివారు మరి. పెట్టింది పెట్టినట్టు తిన్నారు. ఒక నార్వే ఆయన తన పళ్ళెం ఖాళీ చేసి పక్కాయన పళ్ళెం వైపు ఆశగా చూశాడు.

"సెక్రటరీ గారూ, చేతులాడించండి! ఇది మీ ఆఫీసు కాదు!" అని వంటింట్లోంచి కేకేశాడు సెసీలియో.

"ఆడిస్తున్నా! నీకున్నవే రెండు పొయ్యిలు, దాని మీద దర్పం ఒకటి!"

"రెండు పొయ్యిలతోనే ముప్ఫయ్యేళ్ళు ఈ పేటంతా తిన్నది!"

కుంటుతూ తిరుగుతున్నాడేగాని వాడి మొహం వెలిగిపోతోంది. చెమటలు కారుతున్నాయి, చొక్కా జేబులో కాగితం తడిసిపోతోంది, తీసి అవతల పెట్టడు. అంగుస్తియాస్ అది చూసి, కళ్ళు తుడుచుకోవడానికి ఉల్లిపాయల వైపు తిరిగింది.

సరిగ్గా రెండింటికి సెసీలియో కుండ తెచ్చి బల్ల మీద దింపాడు. మూత తీస్తే సోంపు వాసన బారంతా కమ్మేసింది. సరిగ్గా అప్పుడే ఔనె లేచి, అరచెయ్యి గుండెల మీద పెట్టుకుంది.

"భోజనం అమోఘం. కడుపు నిండిపోయింది. మాకు రెండున్నరకి మళ్ళీ సమావేశం."

గరిటె చేతిలోనే ఉండిపోయింది సెసీలియోకి. "భోజనమా? ఇంకా వడ్డించందే!"

కుండ వైపు చూసి, పాపం, ముప్ఫై ఒక్కమందీ సిగ్గుపడ్డారు. ఔనె వాళ్ళతో ఏదో గుసగుసలాడి ఇటు తిరిగింది. "రేపు మా సమావేశం నాలుగింటికి జరుపుకుంటాం. ఇక్కడికి రెండింటికి వస్తాం. ఇది మళ్ళీ వండుతారా?"

"ఏం వండానని అడగాలి, ఇది వండమని కాదు," అన్నాడు సెసీలియో మొహం చిట్లించి. ముప్ఫై ఒక్కమందీ కాగితాలు చూసుకుని గొల్లున నవ్వారు.

వాళ్ళు వెళ్ళాక బారు బోసిపోయింది. గిన్నెలు కొండలా పడున్నాయి. ఆఫీసుకి వెళ్ళాలన్న ధ్యాసే లేదు అంగుస్తియాస్‌కి. తమ్ముడు రెండు కంచాల్లో వడ్డించి, ఒకటి ఆవిడ ముందుకి తోసి, ఎదురుగా కూలబడ్డాడు. ఇద్దరూ ఒక బల్ల దగ్గర తిని తొమ్మిదేళ్ళయింది. అచ్చం అమ్మ చేతి వంట. ఉప్పు కూడా అమ్మలాగే ఒక పిసరు ఎక్కువ.

"శనివారం మూసెయ్యక తప్పదా?" అని అడిగింది.

"తప్పదు. ఇంత చేసినందుకే మోకాళ్ళు బూతులు తిడుతున్నాయి."

"మరి వచ్చే ఏడాది కాగితంలో మొదట ఎవరి పేరు రాయనురా?"

సెసీలియో రొట్టె ముక్కతో కంచం అంచులు తుడిచాడు, నోట్లో పెట్టుకున్నాడు, తాపీగా నమిలాడు. "నీ ఇంటి అడ్రసు రాయి. వంట నేనొచ్చి చేస్తా."

ఆవిడ చెంచా కంచంలోనే వదిలేసి వాడి వైపు చూసింది.

"అలా చూస్తావేం? తిను, చల్లారిపోతుంది," అన్నాడు. "ఈసారైనా రెండింటికి అని రాసి చావు, అక్కా."