లండన్ తమ్ముడు

"తానం చెయ్యకుండ పొయ్యి ముట్టకు."

నేను డ్యూటీ నుంచి వచ్చిన ప్రతిరోజూ నా మొగుడు తిరుపతి గడపకు అడ్డం నిలబడి అనే మాట ఇది. నేను శంషాబాద్ ఎయిర్‌పోర్టులో పాయిఖానలు కడుగుతాను. ఎల్బీనగర్‌లో మా వాడకట్టుకు మాత్రం "ఎయిర్‌పోర్టు ఆఫీసుల చేస్తది" అని చెప్పుకున్నాడు. మూడేళ్ళుగా యూనిఫాం సంచిలో దాచుకుని పోతున్నాను, దాచుకుని వస్తున్నాను.

ఆయన ఆర్టీసీ డ్రైవరు. సకల జనుల సమ్మెలో బస్సులు ఆగాయి, జీతం ఆగింది. రెండు నెలల కిరాయి బాకీ. సామాను బయటపెడతానని ఓనరు నిన్ననే చెప్పి పోయాడు. అప్పుడు గుర్తొచ్చాయి ఆయనకు, నా బియ్యం డబ్బాలోని మూడు ఇరవై పౌండ్ల నోట్లు. ఎండాకాలంలో ఒక తెల్లామె కక్కుకుని కూలబడితే, మూతి కడిగి, బట్టలు తుడిచి, కుర్చీబండి వచ్చేదాకా నా భుజానికి ఆనించుకున్నాను. ఆమె ఇచ్చినవి. "పాయిఖాన పైసలు" అన్నాడప్పుడు. ఇప్పుడు కడగకుండానే జేబులో పెట్టుకున్నాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో విదేశీ డబ్బు మార్చే దుకాణానికి నడిచి వెళ్ళాం. నాకు టిప్పుగా వచ్చిన నాణేల సంచి నేను మోశాను. కౌంటర్‌లో భానుమూర్తి అనే కోస్తా పెద్దమనిషి దాన్ని ముట్టనే లేదు.

"నాణేలు మేం తీసుకోమమ్మా." నోట్లు వెలుతురుకి ఎత్తి చూశాడు. "ఇవి పోయినేడాదే రద్దయ్యాయి. ఎవరిచ్చారండీ?"

"మా తమ్ముడు," అన్నాడు తిరుపతి. "లండన్ల ఇంజినీరు."

ముగ్గురు అక్కల మీద ఒక్కగానొక్క కొడుకు ఈయన. పెళ్ళయిన పదమూడేళ్ళకు నాకు మరిది పుట్టాడు. పుడుతూనే ఇంజినీరయ్యాడు. నవ్వొచ్చింది, ఆ వెంటనే కడుపు మండింది.

"మరింకేం! ఆయనకే పంపండి. అక్కడి బ్యాంకులో పూర్తి విలువిస్తారు. నేనైతే సగమే ఇవ్వగలను." నోట్లు వెనక్కి జరిపాడు. "సొంత తమ్ముడుండగా నష్టమెందుకు?"

"వాడు జర బిజీ సార్."

"కవరు అందుకోడానికి కూడానా?"

తిరుపతి మొహం నల్లబడింది. "పోదాం పా," అన్నాడు నాతో. రెండువేల పైచిలుకు వదిలేసి పోదాం పా. సామాను వీధిలో పడ్డా సరే, ఆ తమ్ముడు బతకాలి. రేపు ఓనరు కాళ్ళు పట్టుకోమనేది నన్నే. అప్పుకి నలుగురిళ్ళకూ తరిమేది నన్నే. అక్కడ కూడా నేను ఆఫీసు ఉద్యోగినే.

నోట్లు మళ్ళీ ముందుకు జరిపాను.

"తమ్ముడు లేడు సార్. నేను ఎయిర్‌పోర్టుల పాయిఖానలు కడుగుత. ఇవి నాకిచ్చిన్రు. సగమే ఇయ్యండి."

తిరుపతి నా మోచెయ్యి నొక్కాడు. "దీనికి తలకాయ మంచిగ లేదు సార్."

భానుమూర్తి ఎవరి వైపూ చూడకుండా రసీదు పుస్తకం తెరిచాడు. "పేరు?"

"తిరుపతి," అన్నాడు ఆయన.

"సుమిత్ర," అన్నాను. "పని కూడ రాయండి."