చుక్కల గీతల పరీక్ష

హామ్ రేడియో లైసెన్సు పరీక్షలో అరుణకుమారి మూడోసారీ మోర్స్ కోడ్ దగ్గరే తప్పింది. పొట్టి చప్పుడైతే చుక్క, పొడుగుదైతే గీత; అవి విని అక్షరాలు రాయాలి. దీవిలోని గోల్ ఘర్ పేట బడిలో పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించే ఆ పంతులమ్మ గోడకు పట్టిక అంటించి చుక్కలూ గీతలూ అలాగే బట్టీపట్టింది. పరీక్షలో మాత్రం ఒక అక్షరానికి చుక్కలెన్నో లెక్కపెట్టేలోపు మరో మూడు దాటిపోయాయి.

"మైకులో మాట్లాడుకునే రోజుల్లో ఈ టక్కుటిక్కులెందుకండీ?" అని నేర్పించే దక్షిణామూర్తిగారి మీద విరుచుకుపడింది.

ఓడల్లో రేడియో ఆఫీసరుగా చేసిన ఆ పెద్దాయన, "రూల్ హై అమ్మా, క్యా కరే? ఏం చేస్తాం? ఆ పట్టిక చూడకు, విను," అన్నాడు. ఎప్పుడూ అదే పాట. ఆమెకు ఒళ్ళు మండింది.

డెలానీపూర్‌లో ఇల్లు చేరేసరికి పక్కింటి కాళమ్మ అరుగు మీద వల బాగుచేస్తోంది. సముద్రం మీంచి ఇంజను పడవల మోత వినిపిస్తోంది.

"మా తాతబ్బాయొచ్చేత్తన్నాడు, చాయ్ పెట్టాల," అంది కాళమ్మ తలెత్తకుండానే.

"అన్ని పడవల్లో నీ కొడుకుదేదో ఎలా తెలుసు? ఎన్నిసార్లు డుగ్గుమందో లెక్కపెడతావా?"

కాళమ్మ పకపకా నవ్వింది. "నెక్కెట్టడమేటి దీదీ? కొడుకు గొంతు నెక్కెట్టి గురుతుపడతామేటి!"

అరుణకుమారి లోపలికి నడిచింది. ఆ రూలు మీద కోపం ఇసుమంతైనా తగ్గలేదు. కానీ మూడేళ్ళుగా గోడకున్న చుక్కల పట్టికను బర్రున చింపి పొయ్యిలో పెట్టింది.