బిక్షమ్మ దర్వాజ ముందు పొట్టేలు

ఇళ్లు కట్టడంలో దేవరకొండ తాలూకా మొత్తంలో నన్ను మించినవాళ్లు లేరు. ఇప్పటికి ఒకటి కట్టాను. అది కోళ్ల గూడు. కోడి ఎక్కి కూర్చోగానే కూలింది. కోడి బతికింది కాబట్టి దాన్ని నేను లెక్కలోంచి తీసెయ్యలేదు.

మొన్న ఎండాకాలంలో మా కురుమవాడలో తొమ్మిది గుడిసెలు కాలిపోతే, మాతో కలిసి ఇళ్లు కట్టడానికి డెన్మార్క్ దేశం నుంచి ఐదుగురు వచ్చారు. నన్ను సంప్రదించకుండానే వచ్చారు. అయినా నేను మనసులో పెట్టుకోలేదు. వాళ్లు మాతోపాటే రాళ్లు మోశారు, మట్టి తొక్కారు, జొన్నరొట్టె తిన్నారు. ఎండకు వాళ్ల ముక్కులు ఎంత ఎర్రబడ్డాయంటే, చీకట్లో దీపం అవసరం ఉండేది కాదు.

వాళ్లలో కిర్‌స్టెన్ అనే ఆమెను మేం కిష్టమ్మ అనేవాళ్లం. పుస్తకం చూసి తెలుగు నేర్చుకుంది. మా ఆచారాలంటే ఎంతో గౌరవం. ప్రతిదీ నన్నే అడిగి నోటుబుక్కులో రాసుకునేది. నేనూ పిసినారితనం లేకుండా చెప్పేదాన్ని.

ఎనిమిది ఇళ్లు పూర్తయ్యాయి. చివరిది మా మేనత్త బిక్షమ్మది. మట్టిగోడలు లేచాయి. దర్వాజ నిలబెడితే దాని మీద దూలం, దూలం మీద గడ్డికప్పు. అప్పటికే గుట్టల మీద మబ్బు పడుతోంది. కప్పు లేని గోడల మీద ఒక్క వాన పడితే అవి మళ్లీ మట్టే. అత్త రెండు నెలలుగా ఇద్దరు పిల్లలతో, నాలుగు కట్టెల మీద పరిచిన గొంగడి కింద ఉంటోంది.

"అండాలు గారూ, దర్వాజకు ముందు ఏమి చేయవలెను?" అని కిష్టమ్మ అడిగింది.

పసుపు కుంకుమ అంటే సరిపోయేది.

"పొట్టేలును గోడల నడుమ ఇడవాలె. అది దానంతటది పండుకున్నంకనే దర్వాజ లేపాలె. లేకుంటే ఇల్లు నిలబడి నిలబడి అలిసిపోతది," అన్నాను.

అంతా రాసుకుంది.

గంటసేపు నవ్వుకుందామనుకున్నాను. కిష్టమ్మవాళ్లు బీరన్న మామను అడిగి ఆయన పొట్టేలును తెచ్చి గోడల నడుమ వదిలారు. అది గోడను ఐదుసార్లు కుమ్మింది, కిష్టమ్మను ఒకసారి. పడుకోలేదు. అది పడుకుంటేనే దర్వాజ అన్నారు కిష్టమ్మవాళ్లు. మర్నాడూ అంతే. వాడపెద్ద రామచంద్రయ్య తాత మావాళ్లందరినీ పక్కకు పిలిచాడు.

"వాళ్ల దేశంల గట్లనే చేస్తరు గావచ్చు. మనకోసం సముద్రం దాటొచ్చిన్రు. ఎవ్వలు నవ్వకున్రి."

ఎవరూ నవ్వలేదు. మబ్బు నల్లబడేసరికి నాకూ నవ్వు పోయింది. ఎవరూ చూడకుండా వెళ్లి పొట్టేలును బతిమాలాను. నన్నూ కుమ్మింది.

మూడోరోజు ఉరిమింది. అత్త కొంగు బిగించి వచ్చింది.

"కిష్టమ్మా, మీ దేశంల గొర్లున్నయా?"

"ఉన్నవండీ. మా నాన్నగారికి నూరు గొర్రెలు."

"మరి మందను ఇడిసిన గొర్రె ఎన్నడన్న ఒక్కతే పండుకుంటదా?"

"పండుకొనదు. మూడు రోజులుగా నేనూ అదే ఆలోచించుచున్నాను. కానీ మీ ఆచారము కదా?"

"మాదా? మేం మీదనుకుంటిమి!"

వాడంతా ఒక్కసారి నావైపు తిరిగింది. పొట్టేలు కూడా.

"అండాలూ!" అంది అత్త.

"నాకేం తెల్వదత్తా."

అప్పుడే మొదటి చినుకు గోడ మీద పడి, మట్టి సన్నగా జారింది. అత్త ఆ జారిన చోట అరచెయ్యి అడ్డం పెట్టింది. ఒక్క అరచెయ్యి, నాలుగు గోడలు.

"నేనే అత్తా," అన్నాను. "ఆచారం లేదు, పాడు లేదు. ఉత్తగ చెప్పిన. జెల్ది దర్వాజ లేపున్రి!"

"తన్నుడు తర్వాత. ముందు గడ్డి మొయ్యి, పోరీ!"

పసుపు కుంకుమ పెట్టి దర్వాజ లేపారు. దూలం ఎక్కింది. కనీసం నాలుగు వేల గడ్డికట్టలు నేనే మోశాను. మా అత్త నలభై అంటుంది. చివరి కట్ట పడేసరికి వాన దంచింది. అందరం లోపలికి దూరాం. అంతమంది మధ్య పొట్టేలు హాయిగా కాళ్లు ముడుచుకుని పడుకుంది.

కిష్టమ్మ తడిసిన నోటుబుక్కు తెరిచింది.

"అండాలు గారూ, మీరు చెప్పినవి ఇందులో పంతొమ్మిది ఉన్నవి. రొట్టె తినుటకు ముందు దానిని మూడుసార్లు క్షేమమడగవలెనన్నది?"

రెండు నెలలుగా ఐదుగురూ పూటపూటా రొట్టెను క్షేమమడుగుతున్నారు. అత్త నన్నే చూస్తోంది.

"గదిగూడ నేనే," అన్నాను.