ఒక్క ముద్దు దగ్గర ఆగిన నోయెమీ

ఏమయ్యోయ్, ఆ మూలన కూర్చుని పెళ్ళాం ఫోన్లోకి తొంగిచూస్తున్న పెద్దమనిషీ! నీకే చెబుతున్నా. మెడ పట్టేస్తుంది, ఇటు తిరుగు. నీకంటే ముదిరినవాడి కథ ఇది.

వాడి పేరు ఫెర్నాన్, ఫ్రాన్సు దేశస్థుడు. మోంతెలిమార్‌లో నూగా మిఠాయి చేసి అమ్ముతాడు. బాదం, తేనె కలిపిన ఆ మిఠాయికి ఏ వాసనైనా ఇట్టే అంటుకుంటుందని ఇంట్లోకి చేప ముక్క రానివ్వడు. భార్య నోయెమీ కూడా ఇరవై ఏళ్ళుగా నోరెత్తకుండా పప్పూ మాంసమూ వండుకుంటోంది. ఈసారి పడమటి సముద్రం ఒడ్డున బ్రెస్ట్ ఊళ్ళో మిఠాయిల సంత ఉందంటే ఆవిడనీ వెంటబెట్టుకుని బయల్దేరాడు.

"నువ్వు సముద్రం మొహం చూడనేలేదు కదా, చూపిస్తా పద" అన్నాడు గొప్పగా.

సంత అయిపోయాక పక్కనున్న చిన్న రేవులో, పడవల ఎదురుగా ఉన్న చేపల భోజనశాలకి తీసుకెళ్ళాడు. లోపల అడుగు పెట్టారో లేదో, యజమాని గ్వెనోలే ఎదురొచ్చాడు. నెరిసిన మీసం, తలుపుకి సరిపడా భుజాలు. "మదామ్ నోయెమీ!" అంటూ వంగి ఆవిడ చెంప మీద ముద్దు పెట్టాడు.

ఫెర్నాన్‌కి అనుమానం రేగింది. పేరు వాడికెలా తెలుసు? సరే, పేరు మాట అటుంచు. వాళ్ళ మోంతెలిమార్‌లో పలకరింపు అంటే మూడు ముద్దులు. ఈ పడమటి కొసన ఒక్కటే. సంగతి తెలియని కొత్తవాళ్ళు రెండోదానికి మెడ చాచి గాలిని ముద్దెట్టుకుంటారు. ఆ పొద్దున్నే బస ఇంటావిడ దగ్గర ఫెర్నాన్ అలాగే నవ్వులపాలయ్యాడు. నోయెమీ మాత్రం ఒక్కదాని దగ్గర ఠక్కున ఆగింది, ఈ రేవులోనే పుట్టి పెరిగినదానిలా!

"వాడు నీకెలా తెలుసే?"

"హోటలువాళ్ళు అందర్నీ అలాగే పలకరిస్తారు. కూర్చో."

"నన్ను పలకరించలేదే!"

"నీ మొహం అలా ఉంది మరి."

ఇంతలో మంచు మీద పేర్చిన పళ్ళెం వచ్చింది. ఆల్చిప్పలు, పీతలు, నల్లటి చిన్న నత్తలు. ఫెర్నాన్ ఆల్చిప్పలోని నీళ్ళు గటుక్కున మింగి దగ్గాడు. నోయెమీ మొదటి నీళ్ళు ఒంపేసింది, రెండోసారి ఊరేదాకా ఆగింది, అప్పుడు నోట్లో వేసుకుంది. గుండుసూదితో నత్తని ఒక్క తిప్పుకి బయటకి లాగింది. ఆవిడ ఎంత హాయిగా తింటుంటే వాడి కడుపు అంత మండింది. పీత డిప్ప పగలగొట్టబోతే రసం చిమ్మి చొక్కా నిండా పడింది.

గ్వెనోలే నిమ్మకాయ తెచ్చి, ఫెర్నాన్ ముందు పెట్టి, నోయెమీ ముందు మాత్రం పెట్టలేదు. "మీకు నిమ్మ పడదుగా మదామ్" అన్నాడు. వెళ్ళబోతూ ఆగి, మెల్లిగా అడిగాడు. "మీతో ఎప్పుడూ వచ్చేవారు ఈసారి రాలేదా?"

అయ్యో పాపం! ఇప్పటిదాకా ఒక్కడి మీద అనుమానం, ఇప్పుడు ఇద్దరయ్యారు. ఫెర్నాన్ చెయ్యి కడుక్కునే నెపంతో లేచి, గ్వెనోలే వెనకాలే వెళ్ళి, అంతా తెలిసినవాడిలా నవ్వాడు.

"ఆ నేస్తం నాకూ బాగా పరిచయమేలెండి. ఇక్కడ బాగా తింటారా?"

"తినడమా! మూడు డజన్ల ఆల్చిప్పలు, పైన తెల్ల ద్రాక్షసారా. తర్వాత రేవు మీద అకార్డియన్ మోగితే డాన్సు. ఇక ఆ కళ్ళు చూడాలండీ…" గ్వెనోలే గొంతు కరిగిపోయింది.

ఫెర్నాన్ బల్ల దగ్గరికి ఊగుతూ వచ్చాడు. "చెప్పెయ్ నోయెమీ. ఇరవై ఏళ్ళ కాపురం మీద ఒట్టు. ఎవడు వాడు? వాడి కళ్ళు అంత బాగుంటాయా?"

నోయెమీ సూది కింద పెట్టి, వాడి మొహంలోకి చూసి, ఆపుకోలేక నవ్వేసింది.

"మీ అమ్మ!"

"ఏంటీ?"

"ఏటా ఆవిడ మోకాళ్ళకి వేడినీళ్ళ వైద్యం అని మా ఇద్దర్నీ రైలెక్కిస్తావుగా. ఇక్కడే దిగుతాం. ఇంట్లో చేప తిననివ్వకపోతే ఏం చెయ్యమంటావ్?"

"మరి మోకాళ్ళు తగ్గాయన్నారు!"

"అన్ని డాన్సులు చేస్తే తగ్గవూ?"

ఫెర్నాన్‌కి ప్రాణం లేచొచ్చింది. భార్య తనదే! ఆ ఆనందంలో పెద్ద పీత ముక్క నోట్లో కుక్కుకున్నాడు. ఇంట్లోకి చేప ముక్క రానివ్వనివాడు, చూశావా?

ఇదంతా విన్న గ్వెనోలే ఏప్రన్ విప్పి, మీసం సర్దుకుని వచ్చి నిలబడ్డాడు.

"మీరు బెర్తిల్ద్ గారి అబ్బాయా! నేను భార్య పోయినవాణ్ణండీ, ఆవిడా భర్త పోయినావిడ. మూడేళ్ళుగా అడుగుతున్నా, 'మావాడికి చేపల వాసన పడదు, ఒప్పుకోడు' అంటారు. మీరేమో పీత నములుతున్నారు. మీ అమ్మగారిని నాకిచ్చి పెళ్ళి చేస్తారా?"

నోటినిండా పీత. ఫెర్నాన్ కాదనబోయి గొంతుకి అడ్డంపడి తల గట్టిగా కిందకీ పైకీ ఊపుతూ దగ్గాడు.

"ఒప్పుకున్నాడు!" అని అరిచింది నోయెమీ. భోజనశాలంతా చప్పట్లు.

అదయ్యా సంగతి! పెళ్ళాన్ని ఎవడెత్తుకుపోతాడో పట్టుకుందామని కాపలా కూర్చున్న మొనగాడు, చొక్కా మీద పీత రసమైనా తుడుచుకోకుండా, కన్నతల్లిని కన్యాదానం చేసి లేచాడు.